అప్‌డేట్: షాపులో పేరుకుపోయిన పాత బోర్డులు ఇచ్చేశాం
మా కంప్యూటర్ రిపేర్ షాపులో పోగైన మదర్‌బోర్డులు, బ్యాటరీలు ఎవరికివ్వాలని అడిగాను కదా. మీరు చెప్పినట్టే కాలుష్య నియంత్రణ మండలి దగ్గర రిజిస్టరైన రీసైక్లర్‌కే ఇచ్చాం, రసీదు కూడా తీసుకున్నాం. పాత సామాన్లవాడు ఎక్కువే ఇస్తానన్నాడు, కాదనలేను. కానీ అలా వెళ్లిన బోర్డులు చాలావరకు బంగారం కోసం యాసిడ్‌లో నానేవే.

అసలు టెన్షన్ ఉబ్బిన లిథియం బ్యాటరీలతోనే. వాటిని గుచ్చకుండా, టెర్మినల్స్‌కి టేప్ వేసి, ఇసుక పోసిన రేకు డబ్బాలో విడిగా పెట్టాం. హార్డ్‌డిస్కులకు డ్రిల్లుతో రంధ్రాలు వేశాకే ఇచ్చాం. కస్టమర్ల ఫోటోలు, ఆధార్ కాపీలు అందులోనే ఉంటాయి మరి.

2022 ఈ-వేస్ట్ (ఎలక్ట్రానిక్ చెత్త) నిబంధనలు మాలాంటి సూక్ష్మ సంస్థలకు వర్తించవట, అయినా ఇకపై ఇలాగే చేస్తాం. పాత సీఆర్‌టీ మానిటర్లు (వెనక గాజు ట్యూబుండే లావుపాటివి) రెండు ఇంకా మూలనే ఉన్నాయి.