వాకబు చేయడమంటే ఊరికే అడగడమేనా?

అందరికీ నమస్కారం. మొన్న మన చెన్నై గ్రూపులో ఒకరు 'వాకబు' అనే మాట ఎక్కడిదని అడిగారు. పెరంబూరులో ఉండే వాళ్ళ నాయనమ్మ, ఎవరింట్లో పెళ్ళి మాట వచ్చినా "కుర్రాడి గురించి బాగా వాకబు చేశారా?" అంటుందట. అది అచ్చ తెలుగా, సంస్కృతమా అని ప్రశ్న. ఇలాంటి ప్రశ్న కనపడితే నాకు నిద్ర పట్టదు. భోజనాలయ్యాక బ్రౌన్ నిఘంటువు ముందేసుకుని కూర్చున్నాను. 1852లో ఇక్కడే, మన వేపేరిలో అచ్చయిన నిఘంటువు అది. దాన్నుంచి మరాఠీకీ, ఉర్దూకీ వెళ్ళి, రాత్రి పదకొండున్నరకి జవాబు పెట్టాను.

పొద్దున కాఫీ తాగుతూ ఇంకో గ్రూపు తెరిస్తే అదే ప్రశ్న, అక్షరం మారకుండా. దాని కింద ఒక పెద్దాయన ముందురోజు మధ్యాహ్నమే ఇంచుమించు నేను రాసిందే రాశారు. అడిగినవారు ఆయనకి దండం బొమ్మ కూడా పెట్టారు. అంటే నేను నిఘంటువులు తిరగేసే వేళకే ఆ ప్రశ్నకి పని అయిపోయింది. మనసు చివుక్కుమంది. మమ్మల్ని చిన్నబుచ్చాలని వారు చేయలేదు, అది నాకు తెలుసు. అందుకే పేరెత్తకుండా ఆ మాట గురించే రాస్తున్నాను. ఇలా నాలుగు చోట్ల అడిగే పద్ధతి గురించి నేను చెప్పాలనుకున్నది చాలావరకు ఆ మాటలోనే ఉంది.

వాకబు అరబ్బీ 'వాకిఫ్' నుంచి, పారసీ, ఉర్దూల మీదుగా వచ్చింది. వాకిఫ్ అంటే సంగతి తెలిసినవాడు. మరాఠీలో 'వాకబ్‌గార్' అంటే పనిలో ఆరితేరినవాడు. చివరి ఫకారం వాళ్ళ దగ్గరా మన దగ్గరా బకారమైంది. అరబ్బీలో ఆ మాటకి ఇంకో అర్థం ఉంది: నిలబడి ఉన్నవాడు. వక్ఫ్ ఆస్తి అంటున్నామే, ఆ వక్ఫ్‌దీ ఇదే ధాతువు. ఇకపై అమ్మడానికి లేకుండా నిలిపేసిన ఆస్తి అది. తెలుగులోకి వచ్చేసరికి, తెలిసి ఉండడం కాస్తా తెలుసుకోవడానికి అడగడం అయింది.

పెళ్ళి సంబంధానికి వాకబు చేసేవాళ్ళని గుర్తు తెచ్చుకోండి. కుర్రాడి ఆఫీసులో ఒకరిని, వీధి చివర కిరాణా కొట్టాయన్ని, సొంతూళ్ళో చుట్టాలని అడుగుతారు. ఒకే ప్రశ్న పది చోట్ల. ఎవరూ తప్పు పట్టరు. కానీ వాళ్ళు నిలబడి వింటారు. ఒకరు చెప్పింది ఇంకొకరి దగ్గర సరిచూసుకుంటారు, ఇంటికొచ్చి అన్నీ కలిపి చెబుతారు. బ్రౌన్ దొర వేమన పద్యాల విషయంలో చేసిందీ ఇదే. ఒక్క ప్రతితో సరిపెట్టుకోకుండా ఎన్నో రాతప్రతులు తెప్పించి, పండితుల చేత పోల్చి చూపించి, 1829లో అచ్చు వేయించాడు. ఎక్కడెక్కడి పాఠాలూ ఒక్క చోటికి చేరాయి. నాలుగు చోట్ల అడగడాన్ని నేను ఎప్పటికీ తప్పనను.

'జవాబు' కూడా అరబ్బీదే. దాని జంట 'సవాల్'. ఉర్దూలో సవాల్ అంటే ప్రశ్న. తెలుగులో సవాలు అంటే రమ్మని తొడగొట్టడం. తమిళంలోనూ అంతే. నాలుగు గ్రూపుల్లో ప్రశ్న పడేసి, మిగతా చోట్లా అడిగానని ఎక్కడా చెప్పకుండా ఊరుకుంటే, జవాబు రాసేవాళ్ళని వాళ్ళకి తెలియకుండానే పందెంలోకి దింపినట్టు అవుతుంది. ఉర్దూ సవాల్ తెలుగు సవాలుగా మారేది అక్కడే అనిపిస్తుంది నాకు.

ఇంటర్నెట్‌లో ఈ చర్చ పాతదే. 1980లో అమెరికాలో మొదలైన యూజ్‌నెట్ అనే చర్చా గ్రూపుల వ్యవస్థలో కాలక్రమంలో దీన్ని రెండుగా విడదీసి చూశారు. ఒకే ఉత్తరం మీద మూడు గ్రూపుల పేర్లు వేసి పంపితే క్రాస్‌పోస్ట్. ఉత్తరం ఒక్కటే కాబట్టి ఒక చోట ఇచ్చిన జవాబు మూడు చోట్లా కనపడుతుంది. కావాలంటే జవాబులన్నీ ఫలానా గ్రూపుకే రావాలని పైన రాయొచ్చు కూడా. అదే ఉత్తరాన్ని మూడు కాపీలు తీసి విడివిడిగా వేస్తే మల్టీపోస్ట్. ఒక గ్రూపు వాళ్ళ మాట ఇంకో గ్రూపుకి చేరదు. మొదటిది అవసరమైతే సరేననేవారు, రెండోదానికి చీవాట్లు పడేవి. వాట్సాప్ గ్రూపుల్లో మనకి మొదటి దారి లేదు. మనం పెట్టేవన్నీ రెండో రకమే.

తెలుగులో నేనైతే మొదటిదాన్ని చాటింపు అంటాను. ఊరి మధ్య డప్పు కొట్టి అడిగితే అందరూ వింటారు, ఎవరేం చెప్పారో అందరికీ తెలుస్తుంది. రెండోది గడపగడపకీ వెళ్ళి అడగడం. అలా వెళ్ళినవాళ్ళు "పక్కింట్లో కూడా అడిగానండీ, వాళ్ళిలా అన్నారు" అనడం మన ఊళ్ళలో మామూలే. 1995 అక్టోబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1855 అనే నెట్ మర్యాదల పత్రం, ఒకే ఉత్తరం రెండు మూడు మెయిలింగ్ లిస్టులకి పంపితే క్షమాపణ చెప్పమంది. నాకు క్షమాపణ అక్కర్లేదు. ఇంకెక్కడ అడిగారో ఒక ముక్క చెప్పండి. ఒక చోట జవాబు దొరికితే మిగతా చోట్ల "దొరికింది, సంగతి ఇదీ" అని రెండు వాక్యాలు పెట్టండి. ముందు ఒక గ్రూపులో అడిగి రెండు రోజులు ఆగితే రెండో చోటికి వెళ్ళే పనే చాలాసార్లు ఉండదు.

టీ నగర్ నుంచి ఒక సభ్యురాలు:
అన్నయ్యగారూ, మాటల సంగతి సరే, రక్తం కావాలని వచ్చే మెసేజ్‌ల గురించి కూడా రాయండి. పోయినేడాది అలాంటిది చూసి మా తమ్ముడు ఆఫీసుకి సెలవు పెట్టి, తాంబరంలో లోకల్ ఎక్కి, ఎగ్మోరులో దిగి ఆసుపత్రికి పరుగెత్తాడు. రక్తం ముందురోజే దొరికిందట. అడిగిన మొదటి గ్రూపులో చెప్పారు, మిగతా వాటిలో చెప్పలేదు. ఆ మెసేజ్ ఆ తర్వాత కూడా చాలా రోజులు తిరుగుతూనే ఉంది.

నా జవాబు:
అమ్మా, అలాంటప్పుడు వంద గ్రూపుల్లో అడిగినా సరే, రెండు రోజులు ఆగమని ఎవరూ అనకూడదు. కానీ పెట్టిన చోటల్లా తేదీ, టైము వేయాలి. దొరికిన వెంటనే పాత మెసేజ్ తీసేయాలి. మీ తమ్ముడికి నా నమస్కారాలు చెప్పండి.

పెరంబూరు నుంచి, ప్రశ్న అడిగినవారు:
అండీ, అది నేనే. మూడు గ్రూపుల్లో పెట్టాను, చెప్పాలని తోచలేదు. మీ జవాబు అక్కడా, అక్కడి పెద్దాయనది ఇక్కడా ఇప్పుడే పెట్టాను. 'నిలబడి ఉన్నవాడు' అన్న సంగతి ఆయన రాయలేదు, మీరే రాశారు. నాయనమ్మకి చదివి వినిపించాను. "మరి భోగట్టా ఎక్కడిదో అది కూడా కనుక్కో" అంది.

నా జవాబు:
చాలా సంతోషం. నాయనమ్మగారి ప్రశ్న ఇక్కడే మొదలుపెడుతున్నాను: భోగట్టా అనే మాట ఎక్కడిది? మీ ఇళ్ళల్లో ఎవరు, ఏ సందర్భంలో వాడతారు? ఇదే ప్రశ్న బెంగళూరు తెలుగు గ్రూపులో కూడా ఇవాళే అడిగాను. అక్కడ వచ్చిన జవాబులు ఆదివారం ఇక్కడికి తెస్తాను, ఇక్కడివి అక్కడ పెడతాను.