నిద్రొచ్చిన సినిమాని క్లాసిక్ అని ఎందుకు ఒప్పుకోవాలి?

రెండో ఆట:
నిన్న రాత్రి ‘సిటిజన్ కేన్’ పెట్టుకున్నాను. నలభై నిమిషాలకి కళ్లు మూతలు పడ్డాయి. పొద్దున్నే లేచి మిగతాది పరీక్షకి చదివినట్టు పూర్తి చేశాను. 1941లో వచ్చింది, ఆర్సన్ వెల్స్ అప్పటికి పాతికేళ్ల కుర్రాడు, అన్నీ తెలుసు. గొప్పగానే తీశాడు. మళ్లీ చూస్తావా అంటే మాత్రం చూడను.

‘మాయాబజార్’ ఎన్నిసార్లు చూశానో లెక్కే లేదు. టీవీలో మధ్యలోంచి వస్తున్నా సరే, రిమోట్ పక్కన పెట్టేస్తాను. మాయా శశిరేఖ వచ్చిందంటే ఇక లేవను. లోపల ఉన్నది ఘటోత్కచుడు, పైకి కనిపించేది సావిత్రి. పెళ్లికూతురులా సిగ్గుపడుతూనే లక్ష్మణకుమారుడి కాలు తొక్కేస్తుంది. పాట మధ్యలో రాక్షసుడి ఠీవి ఒక్క క్షణం బయటపడి మళ్లీ ఆడపిల్లలోకి ఒదిగిపోతుంది. ఇంకో సంగతి, ఆ సినిమాలో పాండవులు ఒక్కసారి కూడా తెర మీదకి రారు. ఇది నాకు ఎన్నోసారి చూసినప్పుడో గానీ తట్టలేదు!

నా లెక్క ఒక్కటే. మళ్లీ మళ్లీ చూడాలనిపించేదే క్లాసిక్. విమర్శకులు ఎంతమంది ఓటేసినా నాకు నిద్రొస్తే అది హోంవర్క్. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

కత్తెర:
రెండో ఆట గారూ, మీ ఫేవరెట్‌నీ క్లాసిక్‌నీ ఒకే గాటన కట్టేశారు. నేను చిన్నప్పటి నుంచి చూస్తున్న ఒక చెత్త కామెడీ ఉంది (పేరు చెప్పను, పరువు పోతుంది). ఇప్పటికీ వస్తే వదలను. అంతమాత్రాన అది క్లాసిక్ అయిపోదు కదా?

కేన్ గురించి ఒక్క సీన్ చెప్తాను. తల్లి బల్ల దగ్గర కూర్చుని, కొడుకుని బ్యాంకు మనిషికి అప్పగించే కాగితాల మీద సంతకం పెడుతుంటుంది. తండ్రి ఒక పక్కన నిలబడి గొణుగుతుంటాడు. వెనక కిటికీలోంచి చూస్తే ఎక్కడో దూరంగా మంచులో పిల్లాడు కేకలు పెడుతూ ఆడుకుంటుంటాడు. ముందున్న తల్లి మొహం ఎంత స్పష్టంగా ఉంటుందో దూరాన ఉన్న పిల్లాడూ అంతే స్పష్టంగా ఉంటాడు. కెమెరామన్ గ్రెగ్ టోలండ్ పనితనం అది. మధ్యలో కట్ చేసి పిల్లాడి క్లోజప్ వేసి ఉంటే అయ్యో పాపం అనుకుని ముందుకెళ్లిపోయేవాళ్లం. కట్ లేదు కాబట్టి గదిలో సంతకం, బయట ఆట, రెండూ మన కళ్ల ముందే ఒకేసారి జరుగుతుంటాయి. మంచులో ఉన్నవాడికి ఏమీ తెలీదు.

మీరు నలభై నిమిషాలు మెలకువగా ఉన్నానన్నారు కాబట్టి ఈ సీన్ కళ్లు తెరిచే దాటి ఉంటారు.

నేల టికెట్:
కత్తెర గారు చెప్పింది వింటే ముచ్చటేసింది. కానీ పనితనం ఉన్న సినిమాలన్నీ క్లాసిక్‌లు అయ్యాయా? లేదు. ఎవరో ఒకరు పదే పదే మన ముందు పెట్టినవే అయ్యాయి.

‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’ చూడండి. ఫ్రాంక్ కాప్రా 1946లో తీశాడు. విడుదలైనప్పుడు పెట్టిన డబ్బు కూడా సరిగా రాలేదు. 1974లో కాపీరైట్ రెన్యూ చేయడం మర్చిపోయారు. దాంతో అమెరికా టీవీ ఛానళ్లకి పండగే పండగ. రాయల్టీ లేకుండా దొరికిన సినిమా కదా, ప్రతి క్రిస్మస్‌కీ వేశారు. చూసి చూసి జనానికి అది ఇంట్లో మనిషిలా అయిపోయింది. ఆ రెన్యూవల్ కాగితం వేళకి పడి ఉంటే ఇవాళ దాని పేరు ఎంతమందికి తెలిసేది?

మీ మాయాబజార్ కూడా అంతే గురూ. మధ్యలోంచి వస్తున్నా చూస్తానన్నారే, అసలు మధ్యలోంచి రావడానికి ముందు ఎవరో టీవీలో వేయాలిగా!

రెండో ఆట:
అబ్బా, అదెలా? ఛానళ్లు బోలెడు పాత సినిమాలు వేశాయి. అన్నిటికీ రిమోట్ పక్కన పెట్టానా? ‘శంకరాభరణం’ సంగతేంటి మరి? 1980లో స్టార్ హీరో లేకుండా, వయసు మళ్లిన సంగీత విద్వాంసుడి కథతో విశ్వనాథ్ గారు తీశారు. మొదట్లో హాళ్లు నిండలేదంటారు. చూసినవాళ్లు పక్కవాళ్లకి చెప్పుకుంటూ పోతే అది ఎక్కడికో వెళ్లిపోయింది. జనం ముందు ఎవరో పెడితే వచ్చింది కాదది, జనమే మోశారు.

పాత రీలు:
నేల టికెట్ వాదన తప్పని చెప్పడానికి నా దగ్గర ఒక బలమైన సాక్షి ఉంది. హిచ్‌కాక్ ‘వర్టిగో’. 1958లో వచ్చినప్పుడు అంతంతమాత్రం స్పందనే. తర్వాత హక్కులు హిచ్‌కాక్ చేతికే వచ్చాయి, ఆయన దాన్ని, ఇంకో నాలుగు సినిమాల్నీ ఏళ్ల తరబడి బయటకి రానివ్వలేదు. మళ్లీ హాళ్లలోకి వచ్చింది 1980ల్లో, ఆయన పోయాక. ‘సైట్ అండ్ సౌండ్’ అని బ్రిటిష్ పత్రిక ఒకటి ఉంది. 1952 నుంచి పదేళ్లకోసారి ప్రపంచం నలుమూలల విమర్శకుల ఓట్లు తీసుకుంటుంది. 1982లో, అంటే సినిమా ఇంకా డబ్బాల్లో ఉండగానే, వర్టిగో మొదటి పదిలోకి వచ్చేసింది. 2012కి కేన్‌ని కిందికి దించి మొదటి స్థానంలో కూర్చుంది. ఎవరూ వేయని సినిమా అక్కడిదాకా ఎలా వెళ్లింది? ఒకప్పుడు చూసినవాళ్ల బుర్రల్లోంచి పోలేదు, అంతే.

నేల టికెట్ అన్నదాంట్లో ఒక్క విషయం మాత్రం ఒప్పుకుంటాను. అసలు రీలంటూ మిగలాలి. ‘ఆలం ఆరా’ మన దేశపు మొదటి టాకీ, 1931. ఒక్క ప్రింటూ లేదు. అది క్లాసిక్కో కాదో తేల్చుకునే అవకాశం కూడా మనకి లేదు. ‘పథేర్ పాంచాలి’ నెగటివ్‌లు 1993లో లండన్ ల్యాబ్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో కాలాయి. మాడిపోయి, అంచులు చితికిపోయిన ఫిల్మ్‌ని నిపుణులు చేత్తో అతికి, వాడుకోగలిగినంత వాడుకుని, మిగతా భాగాన్ని వేరే ప్రింట్ల నుంచి తెచ్చి పూడ్చారు. 2015లో కొత్త ప్రింట్ బయటకొచ్చింది. ఎవరికీ అక్కర్లేని సినిమాకి అంత ఓపిక ఎవరు పడతారు?

నేల టికెట్:
డబ్బాల్లో ఉన్న సినిమాకి ఓటేసింది జనం కాదు సార్, విమర్శకులు. వాళ్లు ఒకరి వ్యాసాలు ఒకరు చదువుకుని ఓట్లేసుకుంటారు. మొదటిసారి, 1952లో, ఎవరిని గెలిపించారో చూడండి. ‘బైసికిల్ థీవ్స్’. అప్పటికి దాని వయసు నాలుగేళ్లు. కాలానికి నిలబడాలి అంటారే, నాలుగేళ్లకే నిలబడిందని ఎలా తెలిసిందో! (సినిమా మాత్రం బంగారం. దాని మీద నాకేం కోపం లేదు.)

సందేహాల పుట్ట:
అదే ఓటింగ్‌లో 2022లో మొదటి స్థానం దేనికొచ్చిందో ఎవరూ అనడం లేదేంటి? బెల్జియన్ దర్శకురాలు శాంటల్ అకెర్మాన్ 1975లో తీసిన ‘జాన్ దీల్మాన్’. మూడు గంటల ఇరవై నిమిషాలు. ఒక విధవరాలు వంట చేస్తుంది, పక్క సర్దుతుంది, గిన్నెలు తోముతుంది. ఆవిడ ఆలుగడ్డలు ఒలుస్తుంటే మనం చూస్తూ కూర్చోవాలి. రెండో ఆట గారికి కేన్‌తోనే నిద్రొచ్చిందంటే దీనికి కోమాలోకి వెళ్తారు.

నాకు మాత్రం నిద్ర పట్టలేదు, అదే ఆశ్చర్యం. మొదటి రోజు ఆవిడ పనులన్నీ గడియారం కొట్టినట్టు జరుగుతాయి. గదిలోంచి బయటకొస్తే లైటు ఆర్పాల్సిందే, గిన్నె మీద మూత పెట్టాల్సిందే. రెండో రోజు ఆలుగడ్డలు మరీ ఉడికిపోతాయి. ఆ గిన్నె ఎక్కడ పెట్టాలో తెలీక చేత్తో పట్టుకుని గదుల్లో తిరుగుతుంది. అంతే సీన్! నాకు గుండె దడ. మొదటి రోజంతా ఓపిగ్గా చూసినవాడికే ఆ గిన్నె ఎందుకు భయపెడుతుందో తెలుస్తుంది. మా ఇంట్లో వాళ్లు అప్పుడే గదిలోకొచ్చి, “ఏమైంది, ఆవిడ గిన్నె పట్టుకుంటే నీకెందుకంత టెన్షన్?” అన్నారు. ఏం చెప్పను?

నా సందేహం ఏంటంటే, విసుగు పుట్టించడం కూడా సినిమా పనిలో భాగం కావచ్చా?

రెండో ఆట:
కావచ్చేమో గానీ మూడు గంటలు పరీక్ష పెట్టి చివర్లో బహుమతి ఇచ్చే సినిమా కన్నా మొదటి నుంచీ ఇచ్చేదే నాకు మేలు. ‘సెవెన్ సమురాయ్’ కూడా మూడు గంటల పైచిలుకే. 1954. ఇంటర్వెల్ దాకా యోధుల్ని వెతకడం, ఊరిని యుద్ధానికి సిద్ధం చేయడం, అంతే. విసుగు ఎక్కడైనా తగిలిందా? వానలో బురదలో ఆ చివరి యుద్ధం వచ్చేసరికి ఎవడు పోయినా మన ఇంటివాడు పోయినట్టే ఉంటుంది. నిడివి తప్పు కాదండీ, నిడివిని ఏం చేశావన్నదే.

సందేహాల పుట్ట:
ఇంకో ముల్లు గుచ్చుతాను. ‘బర్త్ ఆఫ్ ఎ నేషన్’, 1915. సినిమా భాషని మార్చింది అని ప్రతి పుస్తకంలో ఉంటుంది. అందులో నల్లజాతివాళ్ల మీద దాడులు చేసిన కు క్లక్స్ క్లాన్ వాళ్లు హీరోలు. దాన్నీ క్లాసిక్ అనాలా?

కత్తెర:
చరిత్రలో చదవాల్సిన సినిమా. పాఠంలా చూస్తాను, ఎవరికీ చూడమని చెప్పను. నా మటుకు ఆ పదం దానికి ఇవ్వను. ఇదివరకు పనితనం ఒక్కటే చాలనేవాణ్ణి. దీని దగ్గరే ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

పాత రీలు:
రెండో ఆట గారూ, ఒక చిన్న ప్రశ్న. మీరు లెక్కలేనన్నిసార్లు చూసిన మాయాబజార్ నలుపు తెలుపుదా, 2010లో రంగులద్దినదా?

రెండో ఆట:
నిజం చెప్పాలంటే ఈమధ్య చూసినవన్నీ రంగులదే. ఏం?

పాత రీలు:
అనుకున్నాను! దాని కెమెరామన్ మార్కస్ బార్ట్‌లే అసలు తీసింది ఆ రంగులకి కాదండీ. ‘లాహిరి లాహిరి’ పాటలో పడవ చుట్టూ నీళ్ల మీద వెన్నెల ఉంది చూశారూ, అదంతా బూడిద రంగులో ఎన్ని ఛాయలుంటాయో అన్నీ వాడి పుట్టించిన వెన్నెల. దాని మీద నీలం పూస్తే బొమ్మ అందంగానే ఉంటుంది. కానీ 1957లో ఆయన వెలిగించిన రాత్రి అది కాదు. రంగులేసినవాళ్లని తిట్టను, వాళ్ల వల్ల కొత్త పిల్లలు హాల్లో చూశారు, సంతోషం. మీరు మాత్రం ఒక్కసారి పాతది చూడండి.

నేల టికెట్:
చూశారా, ఎవరో మళ్లీ ముందు పెట్టారు, పిల్లలు చూశారు. నా పాయింటే తిరిగొచ్చింది.

రెండో ఆట:
సరే, రాత్రి రెండు పనులు చేశాను. నలుపు తెలుపు లాహిరి పాట ఒక్కటీ చూశాను. పాత రీలు గారూ, నోరు మూసుకుంటున్నాను. తర్వాత కేన్‌లో ఆ కిటికీ సీన్‌కి వెళ్లాను. మొన్న నిజంగానే మెలకువగా దాటేశాను, పిల్లాడి మీద దృష్టే పెట్టలేదు. ఈసారి వాడి అరుపులే వినిపించాయి, లోపల వాళ్లేం మాట్లాడుకున్నారో సగం వినలేదు. మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాను.

మిగతా సినిమా సంగతి అడక్కండి, అక్కడే ఆపేశాను. కత్తెర గారూ, ఆ చెత్త కామెడీ పేరు చెప్తే మిగతాది కూడా చూస్తాను.

కత్తెర:
చచ్చినా చెప్పను.