అప్‌డేట్: పాలకొల్లు దగ్గర స్థలం కొనాలా, అద్దెకే ఉండాలా అని అడిగాను కదా

తక్కువకు వస్తోందని అప్పట్లో అడిగిన ఆ నాలుగు సెంట్ల స్థలం వదిలేశాం. లేఅవుట్‌కు అనుమతి లేదు, లోన్ కుదరదని బ్యాంకువాళ్లు తేల్చేశారు. పైగా అది ఒకప్పటి చేపల చెరువు. రోడ్డు ఎత్తుకు మెరక చేయాలంటే బుసక మట్టి తోలించడానికే బోలెడు అవుతుంది. వానాకాలంలో ఓసారి వెళ్లి చూడమన్నవారికి దండం. మోకాలి లోతు నీళ్లు!

బదులుగా ఊళ్లోనే పాత డాబా ఇల్లు మాట్లాడుకున్నాం. ఈసీ (ఆస్తి మీద తాకట్లు, లావాదేవీలు చూపే సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు (పాత ఓనర్ల దస్తావేజులు) లాయరుకు చూపించాకే బయానా ఇచ్చాం. అయినా టెన్షన్ తగ్గలేదు. 30 లక్షల వరకు లోన్ అయితే ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చు. కానీ స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు మామూలుగా ఆ విలువలో కలపరు. మన దగ్గర అవన్నీ కలిపి 7.5 శాతం. అద్దె కడుతూ అంత డబ్బు చేతిలో ఎవరికి ఉంటుంది? సూత్రాలు తప్ప మా ఆవిడ బంగారమంతా తాకట్టుకు వెళ్లింది.

రిజిస్ట్రేషన్ అయిపోయింది. ఆషాఢం వెళ్లాక, శ్రావణంలో గృహప్రవేశం. ఇప్పుడు అద్దెకుంటున్న ఇంటి ఓనరుగారు మాత్రం సున్నాల ఖర్చంటూ అడ్వాన్సులో కోత పెడతామంటున్నారు. ఆ పంచాయితీ ఇంకా తేలలేదు.