వీఆర్‌లో కాక్‌పిట్ టెస్ట్ చేశాం, అందరూ బాగుందన్నారు. నమ్మొచ్చా?

చుక్కాని:
ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ కోసం రెండు సీట్ల విమానం కాక్‌పిట్‌ని వీఆర్‌లో (కళ్లకి హెడ్‌సెట్ పెట్టుకుని చూసే కంప్యూటర్ లోకంలో) కట్టాం. పన్నెండు మందిని కూర్చోబెట్టి ల్యాండింగ్ చెక్‌లిస్ట్ చేయిస్తే అందరూ "అన్నీ చేతికి అందుతున్నాయి, సూపర్" అన్నారు. మా గైడ్ మాత్రం "బాగుందన్నారు సరే, ఎక్కడ తప్పు చేశారు?" అని ఒక్క మాట అడిగారు. నోట మాట రాలేదు. అసలు ఏం కొలవాలి?

కుడిసీటు:
మీ గైడ్ గారు అడిగిందే అసలు ప్రశ్న. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బీ-17 బాంబర్లు క్షేమంగా దిగాక, రన్‌వే మీద ఉండగానే పైలట్లు ఫ్లాప్స్ (రెక్కల వెనక కిందికి వాలే పలకలు) ముడవబోయి చక్రాలు ముడిచేసేవాళ్లు. రెండు స్విచ్‌లూ పక్కపక్కనే, అచ్చం ఒకేలా ఉండేవి మరి. ఆల్ఫాన్స్ చపానిస్ అనే సైకాలజిస్ట్ దీన్ని పట్టుకుని, చక్రాల స్విచ్‌కి చిన్న చక్రం, ఫ్లాప్స్ స్విచ్‌కి రెక్క ఆకారం తగిలించమన్నాడు. పెద్ద విమానాల నిబంధనల్లో ఈరోజుకీ ఆ ఆకారాలున్నాయి.

ఇప్పుడు మీ వీఆర్ సంగతి చూడండి. చేతిలో ఉన్నది ఒకటే కంట్రోలర్, చక్రమైనా రెక్కైనా వేళ్లకి ఒకేలా తగులుతుంది. అంటే పొరపాటున పక్క లీవర్ పట్టుకునే అవకాశం ఉందో లేదో మీకు తెలుస్తుంది గానీ, నాబ్ (లీవర్ పిడి) ఆకారం మార్చితే ఆ పొరపాటు తగ్గుతుందో లేదో అస్సలు తెలియదు.

నిద్రలేనిఇంజనీర్:
పై కామెంట్‌కి ఇంకోటి కలుపుతా. "అందుతున్నాయి" అన్నారు కదా, బెల్ట్ వేశారా? భుజాల బెల్ట్ లేకపోతే మనిషి తెలియకుండానే ముందుకు వంగుతాడు, పైగా వీఆర్‌లో చెయ్యి కంట్రోల్ స్టిక్‌లోంచి దూరిపోయి అవతలి స్విచ్ నొక్కేస్తుంది, ఎవరూ గమనించరు. పెద్ద విమానాలకైతే 5 అడుగుల 2 అంగుళాల నుంచి 6 అడుగుల 3 అంగుళాల దాకా ఎవరు కూర్చున్నా బెల్ట్ పెట్టుకునే కంట్రోల్స్ పూర్తిగా కదపగలగాలని రూల్. సగటు మనిషికి సరిపోతే చాలనుకోకండి: 1950లో అమెరికా ఎయిర్‌ఫోర్స్‌లో గిల్బర్ట్ డేనియల్స్ 4,063 మంది పైలట్ల కొలతలు చూస్తే, పది కొలతల్లోనూ సగటుకి దగ్గరగా ఉన్నవాడు ఒక్కడూ దొరకలేదు.

కొలవాల్సినవి: తప్పు స్విచ్ వైపు ఎన్నిసార్లు చెయ్యి వెళ్లింది (నొక్కకపోయినా లెక్కే), కళ్లు బయటి నుంచి ప్యానెల్ మీదకి వచ్చి ఎంతసేపు ఇరుక్కున్నాయి. చెక్‌లిస్ట్ సగంలో ఉండగా రేడియో కాల్ ఒకటి వేయండి, అప్పుడు చూడండి తమాషా. అయ్యాక నాసా-టీఎల్‌ఎక్స్ ఫారం (పని ఎంత భారంగా అనిపించిందో అడిగేది) నింపించండి, ఆరు ప్రశ్నలే.

చుక్కాని:
బెల్ట్ వేయలేదన్నా. రికార్డింగ్ మళ్లీ చూస్తే నలుగురు దాదాపు లేచి నిలబడి ఫ్యూయల్ వాల్వ్ తిప్పారు. పరువు పోయింది. డిస్‌ప్లే మీద అక్షరాల సైజు సంగతైనా వీఆర్‌లో తేల్చుకోవచ్చా?

కుడిసీటు:
వద్దు. మామూలు హెడ్‌సెట్లలో కంటి ఫోకస్ ఒకే దూరంలో ఫిక్సై ఉంటుంది, నిజం ప్యానెలేమో చెయ్యి చాపినంత దూరంలో ఉంటుంది. దానికి తోడు పిక్సెల్స్ చాలవు. సైజు కాదు, అర్థం తప్పుగా తీసుకుంటున్నారా అన్నది చూడండి, అది వీఆర్‌లో బాగా బయటపడుతుంది. 1992 జనవరిలో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ దగ్గర ఏ320 విమానం కొండని ఢీకొని 87 మంది పోయారు. 3.3 డిగ్రీల వాలులో దిగాలనుకుని, మోడ్ (అంకె డిగ్రీలా, అడుగులా అని చెప్పేది) మారకపోవడంతో నిమిషానికి 3,300 అడుగుల వేగంతో దించేశారని దర్యాప్తులో బలంగా అనుమానించారు. అంకె కనబడే విండోలో 3,300 అడుగులైతే "-33", 3.3 డిగ్రీలైతే "-3.3". అంకెలు ఎంత పెద్దవి చేసినా ఆ గందరగోళం పోయేది కాదు.

చుక్కాని:
సరే, పాత కారు సీటు, బెల్ట్ తెస్తున్నాం. చేతికి తగిలే నిజం లీవర్లు చేద్దామంటే 3డీ ప్రింటర్ లేదు, ఏం చేయమంటారు?

నిద్రలేనిఇంజనీర్:
చెక్కముక్క చాలు తమ్ముడూ. కాకపోతే వీఆర్ కళ్లజోడులో లీవర్ కనబడేచోటే చేతికి తగలాలి, రెండు సెంటీమీటర్లు అటూఇటూ అయినా మీ లెక్కలన్నీ చెత్తబుట్టలోకే.