పక్కపక్క రన్‌వేల మీద విజువల్ అప్రోచ్: కంట్రోలర్‌కి పని తగ్గుతుందా, పెరుగుతుందా?

నింగిచూపు:
2023 అక్టోబరులో మ్యూనిక్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వచ్చిన లుఫ్తాన్సా విమానం గుర్తుందా? రాత్రిపూట పక్క విమానాన్ని కళ్లతో చూసుకుంటూ దూరం పాటించడానికి మా కంపెనీ ఒప్పుకోదు, ఐఎల్ఎస్ (రేడియో సంకేతాలు పట్టుకుని దిగే పద్ధతి) ఇవ్వండి అని పైలట్ అడిగితే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ ఆగమన్నాడు. ఆగి ఆగి, ఇంధనం చూసుకుని, చివరికి పక్కనే ఉన్న ఓక్లాండ్ పోయి దిగారు. ఆ ఆడియో మా వాట్సాప్ గ్రూపులో మళ్లీ తిరుగుతోంది. విజువల్ అంటే పక్క విమానాన్ని పైలటే చూసుకుంటాడు, అంటే కంట్రోలర్‌కి పని సగం తగ్గినట్టే. మరి ఒక్క విమానానికి ఐఎల్ఎస్ ఇవ్వడానికి అంత కష్టమేంటి?

బే_ఏరియా_బావ:
కష్టం కాదు, పొగరు.

పాత_టవర్:
సగం తగ్గిందనేవాళ్లు ఒక్క పూట హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చుంటే తెలుస్తుంది. ఇండియాలో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాను. శాన్‌ఫ్రాన్సిస్కోలో 28 ఎడమ, 28 కుడి రన్‌వేల మధ్య ఉన్నది 750 అడుగులే. అంత దగ్గర రన్‌వేల మీదికి జంటగా దింపాలంటే, ఒకడు రెండోవాణ్ణి చూశానని చెప్పేదాకా మధ్యలో 3 మైళ్లో, వెయ్యి అడుగుల ఎత్తో కాపాడాల్సింది కంట్రోలరే. ఫలానా వైపు ఎయిర్‌బస్ ఉంది, కుడి రన్‌వేకి వస్తోంది, కనిపించిందా అని అడగాలి. లేదంటాడు. మళ్లీ అడగాలి, ఈలోపు ఇంకో ఇద్దరు పిలుస్తుంటారు. కనిపించిందన్నాక చూసుకుంటూ దూరం పాటించు అని చెప్పాలి, వాడు దాన్ని తిరిగి చెప్పాలి, మనం వినాలి. ఇద్దరి వేగాలూ కుదరాలి, పెద్ద విమానం పక్కనున్న చిన్నదాన్ని దాటి ముందుకు పోకూడదు, దాని వెనక గాలిసుడులు ఊరుకోవు. ఇంత లెక్క నడుస్తుంటే ఒకడు నేను చూడను అన్నాడంటే ఆ జంట విరిగిపోతుంది, వాడి చుట్టూ ఖాళీ చేయడానికి వెనకున్న వరసంతా నెమ్మదించాలి.

బే_ఏరియా_బావ:
250 మీటర్లు తక్కువేం కాదు బాబాయ్, రెండు ఫుట్‌బాల్ గ్రౌండ్లు.

సిమ్_పిచ్చోడు:
750 అడుగులంటే 229 మీటర్లు. అదీ అంచు నుంచి అంచుకి కాదు, మధ్యగీత నుంచి మధ్యగీతకి. ఏ350 లాంటి పెద్ద విమానం రెక్కల వెడల్పే దాదాపు 65 మీటర్లు, అది తీసేసి చూడండి.

బే_ఏరియా_బావ:
లెక్కలు మీరే ఉంచుకోండి. పోయిన చలికాలం మా అమ్మానాన్న వస్తుంటే, ఊరు చెప్పను, నలభై నిమిషాలు గాల్లో తిప్పారు. కనెక్షన్ పోయింది. మోకాళ్ల నొప్పితో ఉన్న ఆవిడ రాత్రంతా కుర్చీలో కూర్చుంది. కంట్రోలర్లకి చేతకాక కాదా?

సిమ్_పిచ్చోడు:
మబ్బు కిందికి దిగితే పైలట్‌కి పక్క విమానం కనపడదు, ఇక జంటలుండవు. శాన్‌ఫ్రాన్సిస్కోలో గంటకి 60 దాకా దిగేవి కాస్తా దాదాపు సగానికి పడిపోయేవి. అందులో చేతకానితనం ఎక్కడుంది?

నింగిచూపు:
మళ్లీ మొదటికే వస్తున్నారు. చూశాను అన్నాక బాధ్యత పైలట్‌దా, కాదా? అవునో కాదో చెప్పండి. పాత_టవర్ గారూ, మీరు బేగంపేటలో చేశానని ఇంతకుముందు రాశారు. అక్కడున్నది ఒకటే రన్‌వే, మరి ఈ జంటల సంగతి మీకెలా తెలుసు?

పాత_టవర్:
బేగంపేటలో చేసింది చివరి ఆరేళ్లే. అంతకుముందు ఎక్కడో చెప్పను. అక్కడ ఒక రాత్రి ఒకడు ముందు విమానాన్ని చూశానన్నాడు. వాడు చూసింది వేరేదాన్ని. ఎవరికీ ఏం కాలేదు, దేవుడి దయ. కానీ విచారణలో మూడుసార్లు వినిపించింది నా టేపే. చూశానన్నాక బాధ్యత పైలట్‌దని పుస్తకంలో ఉంది, నాకూ తెలుసు. దాన్ని నమ్మి ఏ కంట్రోలరూ స్క్రీన్ మీంచి కళ్లు తిప్పడు.

2025 జనవరి 29న వాషింగ్టన్‌లో ఏమైంది? విమానం కనిపిస్తోంది, దూరం మేమే చూసుకుంటామని హెలికాప్టర్ వాళ్లే అడిగి తీసుకున్నారు, దిగుతున్న ఆ విమానాన్నే ఢీకొన్నారు. 67 మంది పోయారు. ఆ పూట హెలికాప్టర్లూ, దిగే విమానాలూ రెండూ ఒక్క కంట్రోలర్ చేతిలోనే ఉన్నాయి. పని సగం తగ్గిందని ఆ మనిషితో అనండి చూద్దాం.

విశాఖ_విమల:
శాన్‌ఫ్రాన్సిస్కోలో 2017 జూలై 7 రాత్రి కూడా అంతేగా. 28 ఎడమ మూసేసి లైట్లు ఆర్పేశారు. ఎయిర్ కెనడా వాళ్లు విజువల్‌గా వస్తూ టాక్సీవేని (విమానాలు రన్‌వే దాకా నడిచివెళ్లే దారి) 28 కుడి అనుకున్నారు. దాని మీద నాలుగు విమానాలు నిలబడున్నాయి. 60 అడుగుల దాకా దిగి మళ్లీ లేచారు. టవర్లో అన్ని పనులకీ ఒక్కడే. ఆ తర్వాతే పక్క రన్‌వే మూసిన రాత్రుల్లో అక్కడ విజువల్ ఆపేశారు.

నింగిచూపు:
థాంక్స్ విమల గారూ, నేను చెప్పేదీ అదే! రాత్రిపూట కళ్లని నమ్మలేం అన్నవాణ్ణి ఎందుకు శిక్షించాలి? చెప్పకూడదనుకున్నా గానీ చెప్తున్నా. మావాడు ఇక్కడ చిన్న ఎయిర్‌లైన్లో ఫస్ట్ ఆఫీసర్, చేరి ఏడాది కాలేదు. ఒకసారి రాత్రి విజువల్ వద్దని, అదీ మొదటి పిలుపులోనే, చెప్తే వరసలో అందరికంటే వెనక్కి తోశారట. దిగాక పక్క సీటు కెప్టెన్ వాడితో మాట్లాడలేదు. ఈసారి కనపడకపోయినా కనపడిందనేస్తాను నాన్నా అన్నాడు. నాకు నిద్ర పడుతుందా?

బే_ఏరియా_బావ:
అన్నా, ఇది ముందే చెప్పాల్సింది.

పాత_టవర్:
మీ అబ్బాయిని అలా అనొద్దని చెప్పండి. వద్దంటే వద్దనే చెప్పమనండి, తిట్టినా సరే. నేనైనా వెనక్కే పంపేవాణ్ణి, అది శిక్ష కాదు, ఖాళీ అక్కడే ఉంటుంది గనక. గంటకి అరవై దిగుతాయని నమ్మి వేళలు వేసుకున్నవాళ్లెవరూ కంట్రోలర్ కుర్చీలో కూర్చోరు. ఒక్క వద్దు అన్న మాటకి చోటు లేకుండా నింపేసి, ఆ పైలట్‌నీ ఈ కంట్రోలర్‌నీ రేడియోలో కొట్టుకోమంటున్నారు.

నింగిచూపు:
అయితే విమానాలు తగ్గించమంటారా?

పాత_టవర్:
రాత్రిపూట, అవును.

బే_ఏరియా_బావ:
తగ్గిస్తే టికెట్ ఎంతవుతుందో తెలుసా? ఇప్పుడే ఇద్దరు పిల్లలతో ఇండియా వెళ్లాలంటే అప్పు చేయాలి.

సిమ్_పిచ్చోడు:
పైన 250 మీటర్లు అని రాసింది ఇంకా దిద్దలేదు.