విడాకులకు దొరికిన దయ గేలకు ఎందుకు దొరకదు?

వాక్యప్రియుడు:
అందరికీ వందనాలు. ఈ మధ్య ఎక్కడ చూసినా స్వలింగ సంపర్కం విషయంలో సంఘం మారాలి అనే మాటే వినిపిస్తోంది. నాకు అర్థం కానిది ఒకటే. దాన్ని తప్పనే బైబిలు వచనాలు లేవీయకాండము 18:22 ఉంది, రోమీయులకు మొదటి అధ్యాయం ఉంది, 1 కొరింథీయులకు 6:9 ఉంది. కేథలిక్కులు, ఆర్థడాక్సు వాళ్లు, ప్రొటెస్టెంట్లు ఎన్నో విషయాల్లో కొట్టుకున్నా ఈ ఒక్కదాంట్లో వందల ఏళ్లు ఒకే మాట మీద ఉన్నారు. లోకం మారిందని వాక్యం మారుతుందా? ద్వేషంతో కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నా.

చివరి వరుస:
బ్రదర్, ఆ వచనాలు లేవని నేను అనను. నా బాధ వేరే. మీరు చెప్పిన 6:9 దగ్గర ఆగకుండా 10వ వచనం కూడా చదవండి. "పురుష సంయోగులు" వెనకాలే దొంగలు, లోభులు, త్రాగుబోతులు, దూషకులు ఉన్నారు, అందరికీ కలిపి ఒకటే తీర్పు. లోభి అని ఎవరినైనా సంఘంలోంచి పంపేయడం మీరెప్పుడైనా చూశారా? నేను చూడలేదు.

ఇక విడాకులు. స్వలింగ సంపర్కం గురించి యేసు నేరుగా పలికిన మాట సువార్తల్లో ఒక్కటీ లేదు. విడాకుల గురించి ఉంది, చాలా కఠినంగా ఉంది. భార్యను విడిచి ఇంకొకరిని పెళ్లాడినవాడు వ్యభిచరిస్తున్నాడని మార్కు 10లో చెప్పాడు. మరి ఇంగ్లండ్ చర్చి 2002లో ఏం చేసింది? విడిపోయిన భార్యో భర్తో బతికే ఉన్నా, కొన్ని పరిస్థితుల్లో చర్చిలోనే మళ్లీ పెళ్లి చేయొచ్చంది. ఆర్థడాక్సు సంఘాలైతే శతాబ్దాల నుంచి పశ్చాత్తాప ప్రార్థనలతో రెండో పెళ్లికి చోటిస్తున్నాయి. కూలిపోయిన కాపురాలను, ఒంటరిగా మిగిలిన మనుషులను చూసి దయ చూపించారు. మంచి పని చేశారు. అంటే దయకు దారి వెతకడం మనకు చేతనవుతుంది. గేల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ వెతకడమే పాపం అంటున్నాం. విడాకులు మన అక్కలకు, మన పిల్లలకు జరిగాయి కాబట్టి మనసు కరిగింది. గే పిల్లలూ మన ఇళ్లలోనే ఉన్నారు, భయపడి నోరు విప్పట్లేదు.

వాక్యప్రియుడు:
ఈ పోలిక కుదరదు. విడాకులు ఒక పతనం, దానికి పశ్చాత్తాపపడి ముందుకు సాగుతారు. ఇక్కడ అడిగేది పాపాన్ని అసలు పాపమే కాదనమని. పైగా యేసు ఏమీ చెప్పలేదనడం సరికాదు. మత్తయి 19లో వివాహం గురించి అడిగితే ఆయన ఆదికాండానికే వెళ్లాడు, దేవుడు మొదటి నుంచీ పురుషునిగా స్త్రీనిగా చేశాడన్నాడు.

గ్రీకు విద్యార్థి:
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మన బైబిల్లో "పురుష సంయోగులు" అన్నచోట పౌలు రాసింది ఆర్సెనోకొయిటాయ్ అని. ఆర్సెన్ అంటే మగవాడు, కొయిటే అంటే పడక. లేవీయకాండము 20:13 గ్రీకు అనువాదంలో ఈ రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి, పౌలు అక్కడి నుంచే తీసుకుని కూర్చాడని చాలామంది పండితులు అంటారు, నాకూ అదే సబబనిపిస్తుంది. ఇది వాక్యప్రియుడు గారి వాదనకే బలం, ఒప్పుకోవాలి. కానీ ఆ చోట ఇంగ్లీషులో "హోమోసెక్సువల్స్" అనే మాట మొదటిసారి పెట్టింది 1946 నాటి రివైజ్డ్ స్టాండర్డ్ వెర్షన్ అనే బైబిలు అనువాదం. పౌలు మాట్లాడింది ఒక పని గురించి. ఈ మాట వచ్చాక, ఎవరినీ ముట్టుకోకుండా ఒంటరిగా బతుకుతున్నవాడు కూడా ఆ జాబితాలోకి వచ్చేశాడు. 1971 కూర్పులో ఆ మాట తీసేశారు, కానీ పాతికేళ్ల ప్రసంగాలను ఎవరు తీసేస్తారు?

చివరి వరుస:
సరిగ్గా అదే మా ఇంట్లో జరిగింది. నా తమ్ముడు పంతొమ్మిదేళ్లప్పుడు పాస్టరు గారికి చెప్పుకున్నాడు. ఎవరితోనూ సంబంధం లేదు, తన మనసులో ఉన్నది చెప్పుకున్నాడు అంతే. దయ్యం పట్టిందన్నారు, ఉపవాస ప్రార్థనలు పెట్టారు, పాటల బృందంలోంచి తీసేశారు. పదకొండు నెలలు ఇదే. వాడు మారలేదు, చిక్కి సగమయ్యాడు, తనను దేవుడే వద్దనుకున్నాడని నమ్మడం మొదలుపెట్టాడు. ఇలాంటివాళ్లను మార్చగలమని 1976 నుంచి చెప్పిన ఎక్సోడస్ ఇంటర్నేషనల్ అనే క్రైస్తవ సంస్థ 2013లో మూతపడింది, దాని అధ్యక్షుడే బయటికొచ్చి క్షమాపణ అడిగాడు. కేథలిక్కుల సత్యోపదేశం, అంటే వాళ్ల అధికారిక బోధల పుస్తకం చూడండి, ఆ పనిని తప్పంటూనే ఆ మనుషులను గౌరవంతో, కనికరంతో చేర్చుకోవాలని రాసుకుంది. అక్కడి దాకా కూడా మనం రాలేదు.

వాక్యప్రియుడు గారూ, రెండో పెళ్లి ఒక రోజుతో అయిపోయే పతనం కాదు కదా. మార్కు 10ని అక్షరాలా తీసుకుంటే ఆ కాపురం ఉన్నన్నాళ్లూ పాపం సాగుతూనే ఉంటుంది. అయినా ఆ ఇల్లు వదిలి రమ్మని ఏ పాస్టరూ అడగడు, అడగకూడదు కూడా.

వాక్యప్రియుడు:
మీ తమ్ముడికి జరిగింది తప్పు, దాన్ని నేను సమర్థించను. 1965లో కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ మైకేల్ రామ్సే అది పాపమని నమ్ముతూనే నేరం మాత్రం కాకూడదని బ్రిటన్ పార్లమెంటులోని ప్రభువుల సభలో నిలబడ్డాడు. పోప్ ఫ్రాన్సిస్ 2023 జనవరిలో ఆ మాటే చెప్పాడు, పాపం వేరు, నేరం వేరు అన్నాడు. అదే ఏడాది ఉగాండాలో కొన్ని సందర్భాల్లో మరణశిక్ష దాకా వెళ్లే చట్టం వస్తే అక్కడి ఆంగ్లికన్ ఆర్చ్‌బిషప్ ఆ చట్టాన్ని స్వాగతించాడు. ఒక విశ్వాసిగా నాకది సిగ్గుగా ఉంది. వాక్యం విషయంలో నేను నిలబడ్డచోటే ఉన్నా. రెండో పెళ్లి గురించి మీరు అడిగినదానికి మాత్రం నా దగ్గర ఇప్పుడు జవాబు లేదు, మళ్లీ చదువుకోవాలి.

మీ తమ్ముడు ఇప్పుడు ఏ సంఘానికి వెళ్తున్నాడు?

చివరి వరుస:
ఏ సంఘానికీ వెళ్లట్లేదు బ్రదర్. ప్రార్థన మాత్రం మానలేదు. మీరు అడిగారని చెప్తాను.