ప్రైమరీ అమైన్ కోసం అజైడ్ దారి పట్టాలా, గాబ్రియేల్‌తో సరిపెట్టుకోవాలా?

బ్రాడీపేట_ఎమ్మెస్సీ:
ప్రాజెక్టులో ఒక బ్రోమైడ్‌ను (బ్రోమిన్ ఉన్న అణువును) ప్రైమరీ అమైన్‌గా, అంటే నైట్రోజన్‌కు ఒక్క కార్బన్ గొలుసే అతుక్కున్నదానిగా మార్చాలి. అణువులో ఒక చివర ఈస్టర్, మధ్యలో డబుల్ బాండ్ ఉన్నాయి. మా గైడ్ సార్ సోడియం అజైడ్‌ను (మూడు నైట్రోజన్ల గుంపును అతికించే, పేలుడు భయమున్న లవణం) ల్యాబ్ గడప తొక్కనివ్వనంటున్నారు, గాబ్రియేల్ పద్ధతి (థాలిమైడ్‌తో నైట్రోజన్‌ను అతికించి, చివర అమైన్‌ను విడదీసేది) చేసుకోమంటున్నారు. నాకది ఒప్పుదల కావట్లేదు. అమోనియాతో నేరుగా చేస్తే ప్రైమరీతో ఆగదు, సెకండరీ, టెర్షియరీ అన్నీ కలగాపులగంగా వస్తాయి. అజైడ్ ఒకసారి అతుక్కున్నాక ఇంకో బ్రోమైడ్ జోలికి పోదు. తరువాత ట్రైఫినైల్ ఫాస్ఫీన్, నీళ్లు వేస్తే నైట్రోజన్ బుడగలుగా పోయి అమైన్ మిగులుతుంది, ఈస్టర్‌నీ డబుల్ బాండ్‌నీ ముట్టుకోదు. ఈ స్టౌడింగర్ చర్య 1919 నాటిది, కొత్త సాహసమేం కాదు. గాబ్రియేల్‌లో చివర హైడ్రజీన్‌తో మరిగిస్తే ఈస్టర్ మిగులుతుందన్న నమ్మకం నాకు లేదు.

పటమట_ప్లాంట్:
తమ్ముడూ, మీ సార్ మాటే వింటాను నేను. పుస్తకంలో చర్య ఎంత శుభ్రంగా ఉన్నా ప్లాంట్‌లో వర్కప్ (చర్య అయ్యాక ఉత్పత్తిని కడిగి వేరుచేయడం) దగ్గరే కొంప మునుగుతుంది. 2018లో వల్సార్టాన్ అనే బీపీ మాత్రలు వెనక్కి తెప్పించారు గుర్తుందా? మిగిలిపోయిన అజైడ్‌ను చంపడానికి సోడియం నైట్రైట్ వాడితే, డీఎంఎఫ్ అనే ద్రావణిలోంచి వచ్చిన డైమిథైల్ అమైన్ దానితో కలిసి క్యాన్సర్ తెచ్చే అవకాశమున్న ఎన్‌డీఎంఏ తయారైంది. అంటే అజైడ్‌ను వదిలించుకునే పద్ధతే మందులో విషం పెట్టింది. పైగా మన కుర్రాళ్లకు ఎక్స్‌ట్రాక్షన్ (ద్రావణితో ఉత్పత్తిని లాగడం) అనగానే చెయ్యి డైక్లోరోమీథేన్ సీసా మీదకే పోతుంది. అది అజైడ్‌తో కలిస్తే డైఅజిడోమీథేన్ వస్తుంది, పేలుతుంది.

బ్రాడీపేట_ఎమ్మెస్సీ:
అన్నా, డైక్లోరోమీథేన్ వాడను, ఈథైల్ అసిటేట్ వాడతా. నా అజైడ్‌లో 15 కార్బన్లు, 2 ఆక్సిజన్లు, 3 నైట్రోజన్లు. కార్బన్, ఆక్సిజన్ కలిపి నైట్రోజన్‌తో భాగిస్తే ఐదున్నర దాటింది, పేలుడు భయం తక్కువ కావడానికి 3 ఉంటే చాలంటారు కదా. లోహం తగలకుండా ప్లాస్టిక్ స్పూన్ కూడా కొన్నాను.

కృష్ణలంక_మేడమ్:
లెక్క బాగుంది నాన్నా, కానీ ఆ లెక్క నువ్వు చేసే అజైడ్‌కే, నువ్వు పారబోసే నీళ్లకు కాదు. నేను పీహెచ్‌డీ చేసేటప్పుడు మా బ్యాచ్ అబ్బాయి అజైడ్ ఉన్న నీటి పొరను సింక్‌లో పోసేశాడు, రెండు మూడు వారాలు అదే పని. కింద ఇత్తడి పైపు. రాగి, సీసంతో అజైడ్ కలిస్తే రాపిడికే పేలే లవణాలవుతాయి. తరువాత సింక్ జామైందని ప్లంబర్ వచ్చి పానా బిగించబోతుంటే, మా సీనియర్ అక్క పరుగున వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ పానా చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఇంకోటి. ఆమ్లం తగిలితే అజైడ్ నుంచి హైడ్రజోయిక్ ఆమ్లమనే విషం వస్తుంది, అది సుమారు 37 డిగ్రీలకే మరుగుతుంది. మే నెలలో ఏసీ లేని మన ల్యాబుల్లో ఎంత ఉంటుందో నీకు చెప్పాలా? అందుకని వేస్ట్‌కు విడిగా డబ్బా పెట్టు, దాని దగ్గరికి ఆమ్లం రానివ్వకు. అజైడ్‌ను చంపాలంటే ఉత్పత్తిని వేరుచేశాక, ఒక్క నీటి పొరలోనే, ముందు నైట్రైట్, తరువాతే ఆమ్లం, అదీ కొద్దికొద్దిగా, హుడ్‌లో (వాయువుల్ని ఫ్యాన్‌తో బయటికి లాగే అరలో). వరస తప్పితే ఆ వాయువు పీల్చేది నువ్వే. నా ఓటు అజైడ్‌కే, కానీ హుడ్ సరిగ్గా లాగుతుంటేనే. అన్నట్టు డబుల్ బాండ్ అజైడ్‌కు ఎంత దూరంలో ఉంది? పక్క కార్బన్ మీదే ఉంటే అజైడ్ అటూ ఇటూ జరిగి రెండు ఐసోమర్లు (అవే పరమాణువులు, వేరే అమరిక) వస్తాయి.

బ్రాడీపేట_ఎమ్మెస్సీ:
పక్కన లేదు మేడమ్, నాలుగు కార్బన్ల అవతల. హుడ్ సంగతే మీరడిగాక చూశాను, ముందు టిష్యూ పేపర్ పట్టుకుంటే కదలనే లేదు. సార్ భయం దేనికో ఇప్పుడర్థమైంది. ఫ్యాన్ బాగుచేయించమని రేపే అర్జీ పెడతా. ఈలోగా అర గ్రాముతో గాబ్రియేల్ చేసి, ఈస్టర్ నిలిచిందో లేదో టీఎల్‌సీ ప్లేట్ (మిశ్రమంలో ఏమేం ఉన్నాయో చుక్కలుగా విడదీసి చూపేది) ఇక్కడే పెడతాను.